కాపలావాడు నిద్రపోతున్నాడా?

ఎండ పడిన సున్నపు గోడ, దాన్ని ఆనుకొని ఒక బల్ల, బల్ల మీద ఒక సైనికుడు. తుపాకి ఒళ్లో ఉంది. తల ముందుకు వాలింది. తలమీది శిరస్త్రాణం అంచు కళ్లను పూర్తిగా కప్పేయడంతో అవి తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో మనకు కనబడదు. పక్కనే ఒక నల్ల కుక్క కూర్చుని అతని వంక చూస్తోంది. వెనక ఒక ద్వారం, దాని దారికి అడ్డంగా ఒక స్తంభం. శత్రువుగానీ పై అధికారిగానీ తోటి సైనికుడుగానీ దగ్గర్లో ఎవరూ లేరు. డచ్ చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియస్ 1654లో డెల్ఫ్ట్ నగరంలో వేసిన ఈ చిత్రం ఎత్తు 68 సెంటీమీటర్లు, వెడల్పు 58. ఇప్పుడు జర్మనీలోని ష్వెరిన్ మ్యూజియంలో ఉంది.

చూసినవాళ్లకు వచ్చే మొదటి సందేహమే చివరిదాకా వదలదు. ఇతను కునుకు తీస్తున్నాడా, తుపాకి సవరించుకుంటున్నాడా? తుపాకిమందు కూరుకుంటున్నాడని కొందరు పండితులు అన్నారు. కాదు, నిద్రలో జారుకున్నాడని మరికొందరు అన్నారు. ఇంత చిన్న సంగతికి అంత వాదం ఎందుకు అనిపించవచ్చు. కానీ ఆ కాలపు ఐరోపా సైనిక నిబంధనల్లో కాపలాలో నిద్రపోయినవాడికి మరణశిక్ష దాకా ఉండేది. శిరస్త్రాణం అంచు కింద ఆ రెండు కళ్లు మూసి ఉంటే మనం చూస్తున్నది నేరం, తెరిచి ఉంటే విధి నిర్వహణ. చిత్రకారుడు ఆ అంచును సరిగ్గా అక్కడికే దించాడు. పొరపాటున అయిన పని కాదని నా నమ్మకం.

ఈ చిత్రాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక చిక్కు విప్పాలి. 17వ శతాబ్దపు డచ్ చిత్రాల్లో తుపాకులు, ఈటెలు పట్టుకున్న మనుషులు ఎక్కడ కనిపించినా మనం ‘సైనికులు’ అనేస్తాం. వాళ్లంతా ఒక జాతి కాదు. అందరికీ తెలిసిన రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ చిత్రాన్నే చూడండి. 1642లో పూర్తయిన ఆ చిత్రంలో ఒక్కడు కూడా జీతగాడైన సైనికుడు కాడు. వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ పౌర రక్షక దళం వాళ్లు, అంటే ఊళ్లో వ్యాపారాలూ ఆస్తులూ ఉన్న పెద్దమనుషులు. వంతులవారీగా నగరాన్ని కాపలా కాయడం వాళ్ల పౌరధర్మం, ఆ హోదాతో విందులు చేసుకోవడం వాళ్ల సరదా. వాళ్లలో 18 మంది తమ బొమ్మ అందులో ఉండాలని డబ్బు చెల్లించారు, వాళ్ల పేర్లు చిత్రంలోనే రాసి ఉన్నాయి. (అన్నట్టు అది రాత్రి దృశ్యమూ కాదు. వార్నిష్ నల్లబడి ఆ పేరు తెచ్చిపెట్టింది.)

జీతానికి పోరాడే సైనికుడి సంగతి వేరు. అతని బొమ్మకు ఎవరూ డబ్బు కట్టరు, పేరు ఎక్కడా రాయరు. ఇంగ్లండు, స్కాట్లండ్, జర్మన్ రాజ్యాలు, ఫ్రాన్స్, ఎక్కడెక్కడి నుంచో వచ్చి డచ్ సైన్యంలో చేరినవాడు. అతన్ని బొమ్మకెక్కించిన చిత్రాలకు డచ్చివాళ్లు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టుకున్నారు: ‘కోర్టెగార్డె’. ఫ్రెంచిలో కాపలా దళాన్ని ‘కోర్ ద గార్ద్’ అంటారు. ఆ మాటను డచ్చి నాలుక తిప్పేసుకుంది. కాపలా దళం కూర్చునే గదికీ ఆ గది బొమ్మకూ అదే పేరు. మనం ఇప్పుడు నిత్యజీవిత చిత్రాలని ఒకే గంపలో వేసే వాటన్నిటికీ కలిపి ఆనాటి వాళ్ల దగ్గర ఒక పేరు లేదు. రైతుల తిరునాళ్ల బొమ్మకు ఒక పేరు, కులాసాగా కూర్చున్న జనం బొమ్మకు ఒక పేరు, సైనికుల గది బొమ్మకు ఒక పేరు, అంతే. ఆ శతాబ్దపు ఐరోపా కళాశైలికి ‘బరోక్’ అన్న పేరు కూడా తర్వాతివాళ్లు తగిలించిన చీటీయే. ఆ మాట వినగానే రోము చర్చీల పైకప్పుల మీద మేఘాల్లో తేలే దేవదూతలు గుర్తొస్తారు. అదే శతాబ్దంలో అదే ఖండంలో ఉత్తరాదిన కొందరు బూట్లు విప్పుకున్న సైనికుణ్ణి అరడుగు చెక్క మీద ఎంతో ఓపికగా దిద్దుతున్నారు.

కోర్టెగార్డె 1620ల చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఊపందుకుంది. పీటర్ కొడ్డె, విల్లెమ్ డౌస్టర్ అనే ఇద్దరు చిత్రకారులు దానికి ఆద్యులని చెప్పవచ్చు. ఇద్దరూ 1599లోనే పుట్టారు. ఇద్దరూ 1625లో ఒకరినొకరు కొట్టుకున్నట్టు రికార్డు కూడా ఉంది. సైనికుల జగడాలను అంత బాగా వేయడానికి నమూనాలు దూరం వెళ్లి వెతుక్కోవలసిన పని లేకపోయింది కాబోలు. డౌస్టర్ 1635లో ప్లేగుతో పోయాడు. కొడ్డె 1678 దాకా బతికాడు. ఉట్రెక్ట్‌లో యాకొబ్ డక్, దక్షిణాన స్పెయిన్ పాలనలోని ఆంట్‌వెర్ప్‌లో డేవిడ్ టెనియర్స్ ఇదే దారిలో నడిచారు.

ఈ చిత్రాల్లో ఏముంటుంది? ఒక ఎత్తయిన, సగం చీకటి గది. కొన్నిసార్లు అది గడ్డి మేటు వేసుకునే కొట్టం. ఒక మూల పొయ్యి. ఒక పీపాను బల్లగా చేసుకుని పేకాట. పొగ గొట్టాలు. నేల మీద కవచాలు, జీనులు, డోలు. ఒకడు బూటు తొడుక్కుంటాడు, ఒకడు గోడకు చేరగిలి గురకపెడతాడు, ఒకడు గోడవైపు తిరిగి నిలబడి ఏం చేస్తున్నాడో చెప్పనక్కర్లేదు. ఒక్క దృశ్యం మాత్రం దాదాపు ఎప్పుడూ ఉండదు. అది యుద్ధం.

డచ్చివాళ్లకు యుద్ధం తెలియక కాదు. స్పెయిన్ మీద వాళ్ల తిరుగుబాటు 1568లో మొదలై, మధ్యలో 1609 నుంచి 1621 దాకా పన్నెండేళ్ల విరామంతో, 1648లో ముగిసింది. ఎనభై ఏళ్లు అన్నమాట. అయితే ఆ యుద్ధం నడిచిన తీరు మన ఊహకు అందేది కాదు. రెండు సేనలు మైదానంలో తలపడడం అరుదు. ఎక్కువగా కోట ముట్టడులే. వసంతంలో బయల్దేరి ఒక నగరం చుట్టూ కందకాలు తవ్వుకుని నెలల తరబడి కూర్చోవడం, చలికాలం రాగానే సైన్యం మకాం వేసే దండు ఊళ్లకు తిరిగి వెళ్లడం. అంటే సైనికుడి ఏడాదిలో పోరాటం కొన్ని రోజులు, కాపలా, ఎదురుచూపు, విసుగు మిగిలిన రోజులన్నీ. కోర్టెగార్డె వేసినవాడు సైనికుడి జీవితంలో అతి పెద్ద భాగాన్నే పట్టుకున్నాడు.

దీనికి మరో ముఖం కూడా ఉంది. డచ్ సేనాని మారిస్ క్రమశిక్షణకు ఐరోపా అంతటా పేరు. ఆయన సంస్కరణల ఫలంగా 1607లో యాకొబ్ డి ఖెయిన్ బొమ్మలతో ఒక కవాతు పుస్తకం వచ్చింది. అందులో 117 బొమ్మలున్నాయి. తేలిక తుపాకికి 42 భంగిమలు, బరువైన మస్కెట్‌కు 43, ఈటెకు 32. మస్కెట్ పేల్చడమంటే వత్తి ఊదుకోవడం, మందు పోసుకోవడం, గుండు దించడం, కూరడం, మళ్లీ వత్తి బిగించడం. అందులో ఏది ముందు ఏది వెనక అయినా ప్రమాదమే. ఆ పుస్తకం చూసి ఐరోపా సేనలు కవాతు నేర్చుకున్నాయి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే దేశపు చిత్రకారులు ఆ 43 భంగిమల్లో ఒక్కటీ లేని బొమ్మలు వేసి అమ్ముకుంటున్నారు. కవాతు పుస్తకంలో ఉన్నది సైన్యాధిపతి కోరుకున్న సైనికుడు. కొడ్డె బొమ్మలో ఉన్నది పట్నవాసి ఎరిగిన సైనికుడు.

పట్నవాసికి అతను బాగానే తెలుసు. అప్పట్లో సైనికులకు విడిగా పెద్ద బారకాసులు కట్టే అలవాటు తక్కువ. దండు ఊళ్లల్లో వాళ్లు జనం ఇళ్లల్లోనే బస చేసేవాళ్లు. తూర్పున స్వొల్లె, డెవెంటర్ ఊళ్లల్లో బతికిన హెరార్డ్ టెర్ బొర్ఖ్ చిత్రాల్లో సైనికుడు అల్లుడిలా ఇంట్లో కూర్చుని కనిపించడానికి కారణం ఇదే. ఆయన 1653లో వేసిన ఒక చిత్రంలో ఒక అధికారి ఒళ్లో ఒక యువతి చేరగిలి ఉంటుంది. ఎదుట బూరగాడు ఉత్తరంతో నిలబడి ఉంటాడు. ఆ రోజుల్లో సందేశాలు మోసింది బూరగాళ్లే. అది పిలుపు అని, అతను వెళ్లిపోవాలని ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. యుద్ధం ఆ గదిలోకి ఒక కాగితం ముక్కగా వచ్చింది.

ఇక ఈ చిత్రాల్లో నన్ను ఎక్కువగా తొలిచే సంగతి. కాపలా గదుల్లో నేల మీద పడి ఉన్న వస్తువులను కాస్త తీరిగ్గా చూడండి. వెండి పాత్ర, పట్టు వస్త్రం, పెట్టె, ఒక్కోసారి చర్చి సామాను. ఇవి సైనికుడి జీతంతో కొన్నవి కావు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న డౌస్టర్ చిత్రం ఒకటి ఇదే విషయం మీద. ఒక కొట్టంలో దోచుకొచ్చిన సొత్తు పంపకం దగ్గర సైనికులు ఒకరి మీద ఒకరు కత్తులు దూసుకుంటున్నారు. ఆ సొత్తు పోగొట్టుకున్నవాడు మాత్రం బొమ్మలో లేడు. రైతు లేడు, అతని గడప లేదు, గొడవ అంతా పంచుకునేవాళ్ల మధ్యే.

ఆ రైతును చూడాలంటే ఇంకో వరస బొమ్మల దగ్గరికి పోవాలి. విరామ సంవత్సరాల్లో డేవిడ్ వింక్‌బోన్స్ ‘రైతు దుఃఖం’, ‘రైతు సంతోషం’ అని జంట చిత్రాలు వేశాడు. మొదటిదాంట్లో సైనికులు ఇంట్లో చొరబడి మేమే యజమానులమన్నట్టు కూర్చున్నారు. రెండోదాంట్లో రైతులు అందిన పనిముట్టు పట్టుకుని వాళ్లను తరుముతున్నారు. ఆంట్‌వెర్ప్‌లో సెబాస్టియన్ వ్రాంక్స్ పల్లెల దోపిడిని మళ్లీ మళ్లీ వేశాడు. లొరైన్ ప్రాంతపు యాక్ కల్లో 1633లో యుద్ధపు కడగండ్ల మీద 18 చిన్న ముద్రణ చిత్రాలు చెక్కాడు. వాటిలో దోచినవాళ్లూ ఉన్నారు, దోచినందుకు ఒకే చెట్టుకు వరసగా ఉరితీయబడ్డవాళ్లూ ఉన్నారు, చివరికి దొరికిన సైనికుల మీద పగ తీర్చుకుంటున్న రైతులూ ఉన్నారు.

ఈ రెండు వరసల మధ్య తేడా దూరంలో ఉంది. 1621 తర్వాత యుద్ధం మళ్లీ రాజుకున్నా అది ఎక్కువగా సరిహద్దుల్లోనే మండింది. ఆమ్‌స్టర్‌డామ్ దాకా రాలేదు. ఆ నగరంలో ఇల్లు కట్టుకుని గోడకు నాలుగు బొమ్మలు తగిలించుకునే వర్తకుడికి సైనికుడు భయపెట్టే మనిషి కాడు, వేడుక చూపే మనిషి. ఈకల టోపీ, వేలాడే బెల్టు, మెరిసే కవచం, కాస్త బూతు, కాస్త ముప్పు, అన్నీ సురక్షితమైన దూరంలో. యాకొబ్ డక్ చిత్రాల్లో నిద్రపోయేవాడి ముక్కు దగ్గర గడ్డిపోచో చుట్టిన కాగితమో పెట్టి ఆటపట్టించే దృశ్యం కొన్నవాణ్ణి నవ్వించడానికే. కానీ అదే గదుల్లో కొన్నిచోట్ల బందీలుగా తెచ్చిన మనుషులు, మోకాళ్ల మీద పడి వేడుకునే స్త్రీలు కనిపిస్తారు. వేడుక అక్కడ కాస్త బిగుసుకుంటుంది. ఆ స్త్రీలను, దండు వెంట తిరిగి బట్టలుతికి, సారా అమ్మి, గాయాలకు కట్లు కట్టే స్త్రీలను, వేశ్యలను చిత్రకారులు ఒకే ముఖంతో వేసేశారు. వీళ్లలో ఎవరు ఎవరో తేల్చడం చాలా బొమ్మల్లో అసాధ్యం, అది చరిత్ర తప్పు కన్నా వేసినవాళ్ల తప్పే.

ఇప్పుడు నిద్ర సంగతికి వద్దాం. ఈ బొమ్మలు పాఠం చెబుతున్నాయా, ఉన్నది ఉన్నట్టు చూపుతున్నాయా అన్నది కళాచరిత్రకారుల్లో పాత తగాదా. 1970ల్లో ఎడ్డీ డి యోంగ్ వంటివాళ్లు ఆ కాలపు నీతి చిత్రాల పుస్తకాలు తిరగేసి డచ్ బొమ్మల్లోని వస్తువుకో అర్థం చెప్పారు. అలా చూస్తే పేక ముక్క వ్యర్థకాలక్షేపం, నిద్ర సోమరితనం, పొగ క్షణికమైన బతుకు. 1983లో స్వెత్లానా ఆల్పర్స్ ఎదురు తిరిగింది. డచ్చివాళ్ల పని వర్ణించడం, ప్రతి కుండలోనూ నీతి వెతకడం దండగ అన్నది ఆమె వాదం.

రెండు పక్షాలకూ పనికొచ్చే ఉదాహరణ టెనియర్స్ దగ్గర ఉంది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోని ఆయన చిత్రంలో ముందు భాగమంతా ఫక్తు కాపలా గది. సైనికులు బల్ల చుట్టూ పాచికలాటలో మునిగిపోయారు. వెనక మూల, దాదాపు దృష్టికి ఆననంత చిన్నగా, ఒక దేవదూత చెరసాల నుంచి పీటర్ మహర్షిని విడిపిస్తున్నాడు. బైబిల్ కథ అది. దేవుడి అద్భుతం జరుగుతుంటే కాపలావాళ్లకు పట్టలేదు. నీతి ఉంది, సందేహం లేదు. కానీ కొన్నవాడు ఎక్కువసేపు చూసింది పాచికలనా, దేవదూతనా? ముందుభాగంలో కవచాల మెరుపు దిద్దడానికి టెనియర్స్ పడిన శ్రమ చూస్తే ఆయన మొగ్గు ఎటో నాకు అనుమానం లేదు. నీతి అనేది ఇక్కడ ఇంటికి పెద్ద ముత్తాత ఫోటోలాంటిది. గోడ మీద ఉండాలి, భోజనం వేళ దానితో పనిలేదు.

ఇంకొక మాట. నిజం కనిపిస్తోంది కదా అని వీటిని ఫోటోల్లా నమ్మకూడదు. ఒకే కవచం, ఒకే డోలు ఒకే చిత్రకారుడి నాలుగైదు బొమ్మల్లో తిరుగుతుంటాయి. అవి అతని పనిగదిలోని సరుకు. సేనలకు అప్పటికి ఒకే యూనిఫారం లేదు. ఎవరు ఏ పక్షమో చెప్పేది భుజం మీది పట్టీ రంగు. డచ్చివాళ్లకు నారింజ, స్పెయిన్‌కు ఎరుపు. ఈకల టోపీల ఆడంబరంలో కొంత ఇటలీ నుంచి వచ్చింది. కరవాజ్జో 1590ల్లో వేసిన పేకాట మోసగాళ్ల బొమ్మ చూసి ఐరోపా అంతా పేక ముక్కలు, బాకులు, ఈకలు వేయడం మొదలుపెట్టింది. ఉట్రెక్ట్ చిత్రకారులు రోము వెళ్లి ఆ ఫ్యాషన్ మూటకట్టుకొచ్చారు.

ఇదంతా తెలిసి ఫాబ్రిటియస్ బొమ్మ దగ్గరికి తిరిగి వస్తే ఆయన ఎన్ని తీసేశాడో తెలుస్తుంది. గది తీసేశాడు. పేకాట, పొగగొట్టం, పడుచు, దోపిడి సొత్తు, తోటివాళ్లు, అన్నీ తీసేశాడు. సగం చీకటి పోయి పట్టపగటి వెలుతురు వచ్చింది. గడ్డిపోచ పట్టుకుని నవ్వేవాడు లేడు కాబట్టి మనం ఎప్పుడు నవ్వాలో చెప్పేవాడూ లేడు. ఆ స్థానంలో కుక్క ఉంది. మెలకువగా, నిటారుగా, కాపలా కాసే జీవిగా బొమ్మలో నిక్కచ్చిగా కనబడేది అదొక్కటే.

ద్వారం మీద ఒక శిల్పఫలకం ఉంది. అది అంతోని మహర్షి, కాళ్ల దగ్గర ఆయన పంది. పై భాగం బొమ్మలోకి రాలేదు. పాత కాథలిక్కు మహర్షి ప్రొటెస్టెంట్ నగరంలో గోడ మీద మిగిలిపోవడం వింత కాదు, అలాంటి పాత రాళ్లు ఊరూరా ఉండేవి. శోధనలకు లొంగని మెలకువకు ఆయన గుర్తు కాబట్టి కింద కూర్చున్నవాడికి ఎత్తిపొడుపు అని నీతిపక్షం అంటుంది. అయితే తలే కనిపించని మహర్షి ఎవరిని ఎత్తిపొడుస్తాడు? స్తంభం కూడా అంతే. ధైర్యానికి స్తంభం పాత సంకేతం. ఇక్కడ అది దారికి అడ్డంగా ఉంది. ఫాబ్రిటియస్ సంకేతాలన్నీ తెచ్చి పెట్టి, ప్రతి ఒక్కదాన్నీ కొంచెం పాడుచేసి వదిలాడు.

1654 అన్న సంవత్సరాన్నీ మరిచిపోకూడదు. స్పెయిన్‌తో శాంతి కుదిరి ఆరేళ్లయింది. ఖర్చు భరించలేమని ఆమ్‌స్టర్‌డామ్ ఉన్న హాలండ్ రాష్ట్రం పట్టుబట్టి సైన్యాన్ని దాదాపు సగానికి తగ్గించింది. ఆ తగాదాలోనే 1650లో యువ సేనాని రెండో విలియం ఆమ్‌స్టర్‌డామ్ మీదికి దండు పంపాడు. అదే ఏడాది మశూచితో చనిపోయాడు. ఆ తర్వాత ఆ స్థానం ఇరవై ఏళ్లకు పైగా ఖాళీగా ఉంచారు. సైనికుడు ఎందుకు, ఎంతమంది, ఎవరి ఖర్చుతో అని జనం బహిరంగంగా వాదించుకుంటున్న రోజుల్లో ఒక్కడే ఒక ద్వారం దగ్గర కూర్చున్నాడు. అతను దేనికి కాపలా అన్నది ఆనాటి చూపరికి మనకన్నా పదునైన ప్రశ్న.

ఆ చిత్రం వేసిన ఏడాదే, అక్టోబరు 12 ఉదయం, డెల్ఫ్ట్‌లో మందుగుండు కొట్టు పేలింది. పాత సన్యాసినుల మఠంలో, చాలావరకు నేలమాళిగల్లో, దాదాపు 90 వేల పౌండ్ల తుపాకిమందు నిలవ ఉంచారు. యుద్ధం ముగిసినా మందు మాత్రం అక్కడే ఉంది. చూసుకునే ఉద్యోగి కొర్నెలిస్ సూటెన్స్ తనిఖీకి తలుపు తెరిచాడు. ఆ తర్వాత వందకు పైగా ప్రాణాలు, వందల ఇళ్లు, ఊరిలో ఒక మూల మొత్తం పోయాయి. సంతకని పక్క ఊళ్లకు వెళ్లినవాళ్లు బతికిపోయారు. ఫాబ్రిటియస్ ఇంట్లో ఉన్నాడు, చర్చి ఉద్యోగి ఒకాయన బొమ్మ వేస్తున్నాడు. శిథిలాల నుంచి ఊపిరితో తీశారుగానీ నిలవలేదు. వయసు 32. డజనుకు కాస్త అటూ ఇటూగా చిత్రాలు మిగిలాయి.

తుపాకిమందులో ముప్పాతిక వంతు సురేకారమే. డచ్ ఈస్టిండియా కంపెనీ దాన్ని బెంగాల్ నుంచీ కోరమండల్ తీరం నుంచీ ఓడలకెత్తేది. ఆ కంపెనీ ఆరు శాఖల్లో ఒకటి డెల్ఫ్ట్‌దే. మచిలీపట్నంలో ఆ కంపెనీ వర్తకస్థానం 1605 నాటిది. పులికాట్‌లో వాళ్లు మందుగుండు తయారీయే పెట్టుకున్నారు. మన తీరానికీ ఆ ఊరికీ లంకె అంతవరకే, కానీ ఆ కాలపు డచ్చి సైనికుడి గురించి చదివేటప్పుడు తెలుగువాళ్లం పూర్తిగా బయటివాళ్లం కాదు.

పేలుడు కథ తెలిశాక ఈ బొమ్మను చూడడం కష్టమవుతుంది. నిద్రపోతున్న కాపలాదారు, కొద్ది నెలల్లో మందుగుండు కొట్టు. జాతకం చెప్పినట్టుందని అనుకోవడం సులువు, చాలామంది అలాగే రాశారు కూడా. అది న్యాయం కాదు. కొట్టు తలుపు తెరిచినవాడు తనిఖీకి వచ్చిన ఉద్యోగి, అంటే మెలకువగా తన పని తాను చేస్తున్నవాడు. ఫాబ్రిటియస్ వేసింది వేరే సంగతి.

అదే ఏడాది ఆయన వేసిన గోల్డ్‌ఫించ్ పిట్ట బొమ్మ హేగ్‌లోని మౌరిత్స్‌హౌస్‌లో ఉంది. అదీ తెల్లగోడే, అదీ ఒంటరి ప్రాణే, కాలికి సన్నని గొలుసు. రెండు బొమ్మలనూ ఫోనులో పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తే గోడల మీద ఆయన చేసిన పని తెలుస్తుంది. పెచ్చులు, మరకలు, ఎండ తగిలే చోటా తగలని చోటా మారే తెలుపు. గురువు రెంబ్రాంట్ చీకటిలోంచి మనిషిని బయటికి తెచ్చేవాడు. శిష్యుడు మనిషిని వెలుతురుకు ఎదురుగా నల్లగా కూర్చోబెట్టాడు. కాపలావాడి బొమ్మలో కళ్ల కోసం వెతకడం మానేసి చేతులు చూడండి. ఒక చూపుకు అవి తుపాకి మీద పనిలో ఉన్నట్టుంటాయి, మరో చూపుకు దాని మీద ఊరికే వాలినట్టుంటాయి. కుక్క ఇంకా అటే చూస్తోంది.